ఐపీఎస్ (దాడులని పట్టి ఆపే నెట్‌వర్క్ పెట్టె) చస్తే లైన్ ఉండాలా, పోవాలా? స్పెక్‌లో “ఫెయిల్ ఓపెన్” అని రాస్తే సరిపోతుందా?

#1 కన్సోల్‌కేబుల్

అందరికీ నమస్కారం. ఒక ఆఫీసు నెట్‌వర్క్‌కి స్పెక్ తయారవుతోంది. 180 సీట్లు, 1 జీబీపీఎస్ లీజ్డ్ లైన్, హెచ్‌ఏలో (ఒకటి పోతే ఇంకొకటి అందుకునేలా) రెండు ఫైర్‌వాళ్లు, ఫైర్‌వాల్‌కీ కోర్ స్విచ్‌కీ మధ్య ఇన్‌లైన్‌లో (ట్రాఫిక్ తన గుండానే పోయేలా) ఐపీఎస్, డీఎంజెడ్‌లో (బయటివాళ్లకి కనిపించే సర్వర్లని విడిగా ఉంచే భాగం) రెండు వెబ్ సర్వర్లు, వాటి ముందు వాఫ్ (వెబ్ దాడులని వడకట్టే ఫైర్‌వాల్). యాక్సెస్ స్విచ్‌లన్నిటి మీద 802.1ఎక్స్ (కేబుల్ పెట్టింది ఎవరో తేలాకే పోర్టు తెరిచే పద్ధతి).

పాత టెండర్ నుంచి కాపీ అయి వచ్చిన వాక్యం ఒకటుంది: “భద్రతా పరికరాలన్నీ ఫెయిల్ ఓపెన్ విధానంలో పనిచేయవలెను.” ఒక వెండర్ “మా పెట్టెలో ఉంది సార్” అంటాడు, ఇంకొకడు “ఫెయిల్ ఓపెన్ పెడితే ఇక సెక్యూరిటీ ఎందుకు” అంటాడు. ఈ మాటకి కచ్చితమైన అర్థం ఏమిటి? అన్ని పెట్టెలకీ ఒకే వాక్యం రాయొచ్చా?

#2 రిలే_క్లిక్

ఆ వాక్యం ముందు కొట్టేయండి. ఫెయిల్ ఓపెన్ అంటే పెట్టె చెడినా ట్రాఫిక్‌ని పోనివ్వడం, ఫెయిల్ క్లోజ్డ్ అంటే ఆపేయడం. కానీ ఫెయిల్ అవడం అనేది ఒక రకం కాదు. ఇన్‌లైన్ పెట్టెకి కనీసం నాలుగు చావులున్నాయి:

కరెంటు పోవడం. పెట్టె వెలుగుతూనే ఉండి లోపలి ఇంజిన్ ప్రాసెస్ పడిపోవడం. ఇంజిన్ బతికే ఉండి ట్రాఫిక్ తట్టుకోలేక క్యూ నిండిపోవడం. ఒక వైపు లింక్ పోవడం.

వెండర్ “ఉంది” అన్నది సాధారణంగా మొదటిదాని గురించి. అది హార్డ్‌వేర్ బైపాస్: పోర్టుల జత మధ్య రిలే ఉంటుంది, కరెంటు పోగానే టక్కుమని మూసుకుని రెండు కేబుళ్లనీ నేరుగా కలిపేస్తుంది. రెండో చావుకి వాచ్‌డాగ్ టైమర్ కావాలి: ఇంజిన్ ఫలానా వ్యవధిలో “బతికే ఉన్నా” అని చెప్పకపోతే రిలే పడాలి. వాచ్‌డాగ్ లేని బైపాస్ కార్డు ఉంటే, ఇంజిన్ చచ్చినా కరెంటు ఉంది కాబట్టి రిలే కదలదు. లైన్ పోయినట్టే, పేరుకి మాత్రం ఫెయిల్ ఓపెన్.

నాలుగో చావుకి లింక్ స్టేట్ ప్రొపగేషన్ ఉండాలి. ఫైర్‌వాల్ వైపు లింక్ పోతే ఐపీఎస్ కోర్ వైపు లింక్‌ని కూడా దించాలి. లేకపోతే కోర్ స్విచ్‌కి పోర్టు పచ్చగానే కనిపిస్తుంది, రెండో దారికి మారదు, ప్యాకెట్లన్నీ గోతిలో పడతాయి.

#3 లేయర్2

పై దానికి రెండు మాటలు కలుపుతా. రాగి కేబుల్ అయితే రిలే మూసుకున్న క్షణం నుంచి ఆ రెండు ప్యాచ్‌లూ కలిసి ఒకే కేబుల్. అటు 70 మీటర్లు, ఇటు 60 మీటర్లు లాగితే మామూలప్పుడు బ్రహ్మాండంగా నడుస్తుంది, బైపాస్‌లో 130 మీటర్లవుతుంది, 100 మీటర్ల హద్దు దాటి లింకే లేవదు. అలాగే ఎవరైనా స్పీడ్, డూప్లెక్స్ చేత్తో ఫిక్స్ చేస్తే చాలా స్విచ్‌లలో ఆటో ఎండీఐఎక్స్ (స్ట్రెయిట్, క్రాస్ కేబుల్ తేడాని పోర్టు తనే సర్దుకోవడం) ఆగిపోతుంది, బైపాస్‌లో స్ట్రెయిట్, క్రాస్ తేడా వచ్చి మళ్లీ లింక్ లేవదు. రెండు చివర్లూ ఆటో మీదే వదలండి.

ఇంకోటి స్పానింగ్ ట్రీ (ఎస్‌టీపీ, స్విచ్‌ల మధ్య లూపు రాకుండా చూసే ప్రోటోకాల్). రిలే మిల్లీసెకన్లలో మారుతుంది, నిజమే. కానీ లింక్ ఒకసారి పడి లేస్తుంది కదా, కోర్ పోర్టు ఎడ్జ్‌గా (అవతల స్విచ్ లేదు, వెంటనే తెరువు అని) పెట్టి లేకపోతే లిజనింగ్ 15, లెర్నింగ్ 15, మొత్తం 30 సెకన్లు ట్రాఫిక్ ఉండదు. అవతల ఉన్నది రూటెడ్ మోడ్ ఫైర్‌వాల్, అది ఎస్‌టీపీ మాట్లాడదు కాబట్టి ఆ పోర్టుని ఎడ్జ్ పెట్టడానికి భయం అక్కర్లేదు.

#4 కొత్త_సీసీఎన్‌ఏ

అన్నా, అడ్డంగా అడుగుతున్నా అనుకోకండి. ఇంత గొడవ ఉన్నప్పుడు ఐపీఎస్ బదులు ఐడీఎస్ (దాడిని పసిగట్టి చెప్పేది) పెట్టి స్పాన్ పోర్టు (స్విచ్ ట్రాఫిక్ నకలు పంపే పోర్టు) నుంచి కాపీ ఇస్తే పోదా? అది చచ్చినా లైన్‌కి ఏమీ కాదు కదా.

#5 ప్యాకెట్_పోగు

పోతుంది తమ్ముడూ, కానీ అది చూస్తుంది తప్ప ఆపదు. టీసీపీ రీసెట్ పంపించి తెంచొచ్చు అంటారు గానీ, ఆ రీసెట్ చేరేలోపు దాడి ప్యాకెట్ సర్వర్‌ని చేరిపోయి ఉంటుంది. యూడీపీకి అదీ లేదు.

పైగా స్పాన్‌కి లెక్క ఉంది. 1 జీబీపీఎస్ లింక్ ఫుల్ డూప్లెక్స్, అంటే రాను 1, పోను 1, కలిపి 2 జీబీపీఎస్. నువ్వు కాపీ పంపే పోర్టు ఒక వైపు 1 జీబీపీఎస్ మాత్రమే. రెండు దిశలూ కలిపి 1 దాటిన క్షణం నుంచి స్విచ్ కాపీలని నిశ్శబ్దంగా పారేస్తుంది. సీఆర్‌సీ తప్పున్న (దారిలో చెడిపోయిన) ఫ్రేములు ముందే స్విచ్‌లో రాలిపోతాయి, అవి ఐడీఎస్‌కి కనపడవు. వీలాన్ (ఒకే స్విచ్‌లో విడగొట్టిన నెట్‌వర్క్) ట్యాగ్ కూడా కొన్ని స్విచ్‌లలో విడిగా చెబితే తప్ప కాపీలో రాదు.

ట్యాప్ (లైన్ మధ్యలో పెట్టి కాపీ తీసే పరికరం) అయితే ఆ బాధ లేదు. ఫైబర్ ట్యాప్‌లో ఉన్నది అద్దం లాంటి స్ప్లిటర్, కరెంటు అక్కర్లేదు. 50/50 అయితే రెండు వైపులా సుమారు 3 డెసిబెల్ పోతుంది. 70/30 అయితే లైవ్ వైపు 1.5, మానిటర్ వైపు 5.2, ఇది కాగితం మీద లెక్క, కనెక్టర్లతో ఇంకొంచెం పోతుంది. ఒక్కో దిశకి ఒక్కో ఫైబర్ బయటికి వస్తుంది కాబట్టి ఐడీఎస్‌లో రెండు పోర్టులు కావాలి. ఇది మర్చిపోయి ఒకే పోర్టు ఉన్న సర్వర్ కొంటే సగం సంభాషణే వినపడుతుంది.

రాగి గిగాబిట్‌కి కరెంటు లేని ట్యాప్ ఉండదు. 1000బేస్‌-టీలో నాలుగు జతల మీదా ఇరువైపులా ఒకేసారి సిగ్నల్ నడుస్తుంది, ఊరికే తీగ చీల్చి వినలేం. కరెంటుతో నడిచే ట్యాప్ పెడతాం, దానికీ రిలే ఉంటుంది, మళ్లీ #2, #3 కథే.

సురికాటా (ఐడీఎస్‌గానూ ఐపీఎస్‌గానూ నడిచే సాఫ్ట్‌వేర్) వాడితే రెండు కౌంటర్లు చూస్తుండు: కర్నెల్ డ్రాప్స్ (సర్వర్‌కి వచ్చాక పోయినవి), రీఅసెంబ్లీ గ్యాప్ (సంభాషణలో దొరకని ముక్కలు). మొదటిది సున్నా ఉండి రెండోది పెరుగుతుంటే ప్యాకెట్లు సర్వర్ దాకా రాకముందే పోతున్నాయి, అంటే తప్పు స్పాన్‌ది. కార్డు మీద జీఆర్‌ఓ, ఎల్‌ఆర్‌ఓ (ప్యాకెట్లని కలిపేసే ఆప్షన్లు) ఆఫ్ చెయ్యి.

#6 కొత్త_సీసీఎన్‌ఏ

రెండు పోర్టుల సంగతి నిజంగానే తెలీదు అన్నా. థాంక్స్.

#7 ప్యాకెట్_పోగు

సురికాటా పేరు ఎలాగూ వచ్చింది కాబట్టి #2లోని రెండో, మూడో చావులని అందులోనే చూపిస్తా. పెట్టె కొన్నా లోపల చాలాచోట్ల ఇదే తరహా ఇంజిన్, కాబట్టి వెండర్‌ని అడగాల్సిన ప్రశ్నలూ ఇవే.

లైనక్స్‌లో ఎన్‌ఎఫ్‌క్యూ పద్ధతి: ఐపీటేబుల్స్ (లైనక్స్ ఫైర్‌వాల్) ప్యాకెట్‌ని క్యూలో వేస్తుంది, సురికాటా తీసుకుని తీర్పు చెబుతుంది. సురికాటా ప్రాసెస్ లేకపోతే? డిఫాల్ట్‌గా కర్నెల్ ఆ ప్యాకెట్లని పారేస్తుంది, అంటే ఫెయిల్ క్లోజ్డ్. రూల్‌లో క్యూ బైపాస్ ఆప్షన్ పెడితేనే వదిలేస్తుంది. ప్రాసెస్ ఉండి క్యూ నిండితే? బైపాస్ ఆప్షన్ దానికి పనిచేయదు. దానికి సురికాటా కాన్ఫిగ్‌లో ఎన్‌ఎఫ్‌క్యూ కింద ఫెయిల్ ఓపెన్ అని వేరే స్విచ్ ఉంది. రెండూ ఒకటే అనుకుని ఒకటే పెట్టినవాళ్లు ఎందరో.

ఏఎఫ్ ప్యాకెట్ పద్ధతిలో కథ వేరు. అక్కడ ఒక కార్డు నుంచి ఇంకో కార్డుకి ప్యాకెట్ మోసేది సురికాటాయే. మోసేవాడే పోతే మధ్యలో వంతెన ఉండదు. ఏ ఆప్షన్ పెట్టినా అది ఫెయిల్ క్లోజ్డే, హార్డ్‌వేర్ బైపాస్ ఉంటే తప్ప.

సురికాటా 7 నుంచి ఎక్సెప్షన్ పాలసీ అనేది ఒకటి తోడైంది. స్ట్రీమ్ మెమరీ పరిమితి లాంటివి తగిలినప్పుడు ఐపీఎస్ మోడ్‌లో డిఫాల్ట్ తీర్పు డ్రాప్. పాత వెర్షన్‌లో ఊరుకునేది. అప్‌గ్రేడ్ చేశాక సాయంత్రం రద్దీ వేళకే కనెక్షన్లు తెగుతున్నాయంటే రూల్స్‌ని తిట్టకుండా ముందు మెమ్‌క్యాప్ (ఆ మెమరీ పరిమితి) చూడండి.

#8 బెజవాడ_బీజీపీ

అందరూ “ఎలా” చెబుతున్నారు, “ఏది ఎక్కడ” ఎవరూ చెప్పలేదు. నా లెక్క ఇది: వెనకాల ఉన్నది ఆగితే నష్టమా, బయటపడితే నష్టమా? 180 సీట్ల బ్రౌజింగ్ దారిలో ఐపీఎస్ చస్తే వదిలేయండి, ముందు ఫైర్‌వాల్ ఎలాగూ ఉంది. ఫైర్‌వాల్ మాత్రం ఎప్పుడూ క్లోజ్డే. ఫైర్‌వాల్‌కి బైపాస్ పెట్టడం అంటే లోపలి నెట్‌వర్క్‌ని వీధిలో పెట్టడం. నాట్ (లోపలి అడ్రసులని బయటి అడ్రస్‌గా మార్చడం) కూడా అందులోనే ఉంటుంది కాబట్టి బైపాస్ చేసినా 192.168 అడ్రసులతో బయటికి ఎలాగూ పోలేరు, అది వేరే సంగతి. కన్సోల్‌కేబుల్ గారి పాత వాక్యంలో “పరికరాలన్నీ” అన్నది అసలు తప్పు.

తలుపుల మాట కూడా ఇక్కడే చెప్పాలి, స్పెక్‌లో సర్వర్ రూం తాళం ఎలాగూ ఉంటుంది. కరెంటు పోతే తెరుచుకునే తాళాన్ని ఫెయిల్ సేఫ్ అంటారు, మూసుకునే ఉండేదాన్ని ఫెయిల్ సెక్యూర్. మనుషులు బయటపడాల్సిన దారికి మొదటిదే. నెట్‌వర్క్ వాళ్లు ఫెయిల్ సేఫ్ అంటే “సేఫ్‌గా మూసుకుంటుంది” అనుకుని తలకిందులుగా రాస్తారు. ఆ మాట వాడకుండా “కరెంటు పోయినప్పుడు తెరుచుకోవాలి” అని తెలుగులో రాసేస్తే గొడవ ఉండదు.

#9 కన్సోల్‌కేబుల్

> ఫైర్‌వాల్ మాత్రం ఎప్పుడూ క్లోజ్డే

అందుకే రెండు పెట్టాం సార్, యాక్టివ్ పాసివ్. హెచ్‌ఏ ఉంటే ఆ ప్రశ్నే రాదు అనుకోవచ్చా?

#10 బెజవాడ_బీజీపీ

అనుకోకూడదు. స్టేట్‌ఫుల్ ఫైర్‌వాల్ అంటే స్టేట్ టేబులే ప్రాణం. ఒక్కో కనెక్షన్‌కి సోర్స్, డెస్టినేషన్, రెండు పోర్టులు, ప్రోటోకాల్ రాసుకుంటుంది. సెషన్ సింక్ (ఆ టేబుల్‌ని రెండోదానికీ పంపడం) ఆన్ చేయకుండా హెచ్‌ఏ పెడితే, రెండోది లేవగానే దాని టేబుల్ ఖాళీ. మధ్యలో ఉన్న కనెక్షన్ల ప్యాకెట్లు వస్తే “నీ సిన్ (కనెక్షన్ మొదలుపెట్టే ప్యాకెట్) ఎప్పుడు చూశాను” అని పారేస్తుంది. హార్ట్‌బీట్ కేబుళ్లు (ఒకటి బతికుందని ఇంకోదానికి చెప్పేవి) రెండు, వేర్వేరు దారుల్లో వేయండి. ఒకటే వేసి అది ఊడితే ఇద్దరూ “నేనే యాక్టివ్” అంటారు, ఒకే ఐపీకి ఇద్దరు జవాబిస్తారు.

అసిమెట్రిక్ రూటింగ్ కూడా ఇదే జబ్బు. సిన్ ఒక ఫైర్‌వాల్ గుండా వెళ్లి, సిన్-యాక్ (దాని జవాబు) ఇంకో దారిలో వస్తే ఆ ఫైర్‌వాల్‌కి అది అనాథ ప్యాకెట్.

టైమౌట్ గురించి కూడా స్పెక్‌లో ఒక లైన్ రాయండి. చాలా ఫైర్‌వాళ్లలో ఖాళీగా ఉన్న టీసీపీ సెషన్‌కి డిఫాల్ట్ 3600 సెకన్లు. లైనక్స్‌లో కీప్‌అలైవ్ (ఖాళీ కనెక్షన్ బతికుందా అని అడిగే ప్యాకెట్) డిఫాల్ట్ 7200. అంటే డీఎంజెడ్‌లోని వెబ్ సర్వర్ లోపలి డేటాబేస్‌కి తెరిచి ఉంచిన పూల్ కనెక్షన్, గంటసేపు ఎవరూ వాడకపోతే ఫైర్‌వాల్ చెప్పకుండా చెరిపేస్తుంది. రెండు చివర్లకీ తెలీదు. పొద్దున్నే మొదట లాగిన్ అయినవాడి పేజీ గిరగిరా తిరుగుతూ ఉండిపోతుంది, రిఫ్రెష్ కొడితే వస్తుంది. “ఉదయం మాత్రమే స్లో” అనే కంప్లయింట్‌లో సగం ఇదే. ఫైర్‌వాల్ టైమౌట్ పెంచకండి, సర్వర్‌లో కీప్‌అలైవ్ 600 చేయండి. అప్లికేషన్ కూడా సాకెట్ మీద కీప్‌అలైవ్ అడగాలి, లేకపోతే ఆ 600కి అర్థం లేదు.

#11 సర్టిఫికెట్ల_సంచి

802.1ఎక్స్‌ని ఎవరూ ముట్టుకోలేదు, అసలు తలనొప్పి అక్కడుంది. అక్కడ చచ్చేది స్విచ్ కాదు, రేడియస్ సర్వర్ (ఎవరిని రానివ్వాలో తేల్చేది).

పాత్రలు మూడు: ల్యాప్‌టాప్ సప్లికెంట్ (రానివ్వమని అడిగేది), స్విచ్ ఆథెంటికేటర్, వెనక రేడియస్ ఆథెంటికేషన్ సర్వర్. స్విచ్ తపాలా బంట్రోతు మాత్రమే, ఉత్తరం తెరిచి చదవదు. రేడియస్ యూడీపీ 1812 మీద ఆథెంటికేషన్, 1813 మీద అకౌంటింగ్. పాత గేర్ 1645, 1646 వాడుతుంది, ఫైర్‌వాల్ రూల్‌లో తప్పులు దొర్లేది ఇక్కడే.

రేడియస్ పోతే ఇప్పటికే లోపలున్నవాళ్లు రీఆథెంటికేషన్ గడువు దాకా ఉంటారు. కొత్తగా కేబుల్ పెట్టినవాళ్లు బయటే. డిఫాల్ట్ అంటే ఫెయిల్ క్లోజ్డ్. క్రిటికల్ వీలాన్ పెడితే సర్వర్ దొరకనప్పుడు పోర్టుని ఆ వీలాన్‌లో పడేస్తుంది. దాన్ని మామూలు యూజర్ వీలాన్‌గా పెట్టకండి. ఇంటర్నెట్, మెయిల్ చాలు, లోపలి సర్వర్లు వద్దు. లేకపోతే రేడియస్‌ని పడగొట్టడమే లోపలికి తాళం చెవి అవుతుంది.

ఎంతసేపట్లో అనేది కూడా లెక్క వేయండి. టైమౌట్ 5 సెకన్లు, రీట్రై 3 అంటే మొదటి ప్రయత్నంతో కలిపి ఒక్కో సర్వర్‌కి 20 సెకన్లు. రెండు సర్వర్లకి 40.

ప్రింటర్లకి సప్లికెంట్ ఉండదు, వాటికి మ్యాబ్. మ్యాక్ అడ్రస్ చూసి లోపలికి రానివ్వడం. ప్రింటర్ కింద స్టిక్కర్ మీద మ్యాక్ రాసే ఉంటుంది, ఎవరైనా ల్యాప్‌టాప్‌కి పెట్టుకోవచ్చు. కాబట్టి ప్రింటర్ వీలాన్ నుంచి ప్రింట్ సర్వర్‌కి తప్ప ఎక్కడికీ దారి ఇవ్వకండి.

#12 లేయర్2

మేడమ్, మ్యాబ్ దగ్గర ఒక సవరణ. సిస్కో స్విచ్‌లలో టీఎక్స్ పీరియడ్ (“నువ్వెవరు” అని పరికరాన్ని మళ్లీ అడిగే వ్యవధి) డిఫాల్ట్ 30 సెకన్లు, రీట్రై 2. అంటే 30 చొప్పున మూడుసార్లు, 90 సెకన్లు ఎదురుచూశాకే మ్యాబ్‌కి దిగుతుంది. ఆ లోపు డీహెచ్‌సీపీని (ఐపీ అడ్రస్ ఇచ్చే సర్వీస్) అడిగి అడిగి విసిగి పరికరం 169.254 అడ్రస్ తగిలించుకుంటుంది. టీఎక్స్ పీరియడ్ 10కి తగ్గిస్తే 30 సెకన్లలో తేలిపోతుంది. మరీ 1, 2కి దించితే నిద్ర లేస్తున్న ల్యాప్‌టాప్ సప్లికెంట్ లేచేలోపు మ్యాబ్‌లో పడిపోతుంది.

పోర్ట్ సెక్యూరిటీ కూడా కలిపి పెడతారు కొందరు. డిఫాల్ట్ ఒక్క మ్యాక్, తప్పితే పోర్టు షట్‌డౌన్. ఐపీ ఫోన్ వెనక పీసీ ఉంటే రెండు మ్యాక్‌లు, మొదటి రోజే సగం సీట్లు ఎర్ర్ డిజేబుల్. 802.1ఎక్స్ ఉన్న పోర్టు మీద పోర్ట్ సెక్యూరిటీ వద్దు, ఒకటి చాలు.

#13 సర్టిఫికెట్ల_సంచి

90 సెకన్ల సంగతి ఒప్పుకుంటున్నా, నేను రాయాల్సింది.

ఇంకో ముక్క. 802.1ఎక్స్ లాగిన్‌కి పీఈఏపీ ఎంఎస్‌చాప్‌వీ2 (పాస్‌వర్డ్‌తో) వద్దు, ఈఏపీ టీఎల్ఎస్ (సర్టిఫికెట్‌తో) రాయండి. విండోస్ 11 22హెచ్2 ఎంటర్‌ప్రైజ్‌లో క్రెడెన్షియల్ గార్డ్ (లాగిన్ రహస్యాలని కాపాడే ఏర్పాటు) డిఫాల్ట్‌గా ఆన్ అయ్యాక, సేవ్ అయిన లాగిన్‌తో ఎంఎస్‌చాప్ తనంతట తాను కలవదు, ప్రతిసారీ పాస్‌వర్డ్ అడుగుతుంది. 2024 జూలైలో బయటపడ్డ రేడియస్ లోపం బ్లాస్ట్ రేడియస్, సీవీఈ-2024-3596, ఈఏపీని తాకదు, ఎందుకంటే ఈఏపీలో మెసేజ్ ఆథెంటికేటర్ (సందేశాన్ని దారిలో మార్చలేదని చూపే ముద్ర) తప్పనిసరి. కానీ మ్యాబ్, స్విచ్ అడ్మిన్ లాగిన్ లాంటివి మామూలు పాప్ (ఈఏపీ లేని పాస్‌వర్డ్ లాగిన్) తరహాలో వెళ్తుంటే వాటికీ మెసేజ్ ఆథెంటికేటర్ తప్పనిసరి చేయండి.

#14 తీగల_వాఫ్

వాఫ్ నా వంతు. మాడ్‌సెక్యూరిటీ (వాఫ్ సాఫ్ట్‌వేర్), ఓవాస్ప్ సీఆర్ఎస్ (దానికి రూల్స్) అనుకుందాం. డిఫాల్ట్ పారనోయా లెవెల్ (తనిఖీ ఎంత కఠినమో) 1, ఇన్‌బౌండ్ హద్దు 5 పాయింట్లు, ఒక క్రిటికల్ రూల్ తగిలితేనే 5 వచ్చేస్తుంది. స్పెక్‌లో కొందరు గొప్పకి లెవెల్ 3 అని రాస్తారు. ఆ లెవెల్‌లో 920272 నంబర్ రూల్ ఉంది: ఆస్కీ అక్షరాలు తప్ప వేరే బైట్లు కనిపిస్తే నేరమే. మన సైట్ ఫారంలో పేరు గడిలో ఎవరైనా తెలుగులో రాస్తే 403 (నిరాకరణ). “క” అంటే మూడు బైట్లు, ఈ0 బీ0 95, మూడూ 127కి పైనే. తెలుగు ఫారాలున్న చోట 1తో మొదలుపెట్టి, రెండు వారాలు డిటెక్షన్ ఓన్లీలో ఉంచి, లాగ్ చూసి ఆ గడుల వరకే మినహాయింపు ఇచ్చాకే బ్లాక్‌కి మార్చండి.

ఫెయిల్ ఓపెన్ ఇక్కడ ఇంకో వేషంలో ఉంది. రిక్వెస్ట్ బాడీ (ఫారంతో వచ్చే సమాచారం) హద్దు దాటితే ఏం చేయాలి? రిజెక్ట్ అంటే ఆపుతుంది. ప్రాసెస్ పార్షియల్ అంటే మొదటి భాగం చూసి మిగతాది చూడకుండానే పంపేస్తుంది. అంటే దాడి చేసేవాడు ముందు చెత్త నింపి చివర్లో సరుకు పెడితే చాలు. రిజెక్టే ఉంచండి, కానీ హద్దు మన భాషకి సరిపోయేలా పెట్టండి. “తెలుగు” అనే మాట ఆరు కోడ్‌పాయింట్లు, యూటీఎఫ్-8లో 18 బైట్లు, ఫారంలో పర్సెంట్ ఎన్‌కోడింగ్‌తో (ఒక్కో బైట్‌ని మూడుగా రాయడం) 54 బైట్లు. సిఫార్సు కాన్ఫిగ్‌లో ఫైళ్లు కాని బాడీకి హద్దు 131072 బైట్లు. అంటే గుణింతాల గుర్తులతో కలిపి పద్నాలుగున్నర వేల గుర్తులకి గడి నిండుతుంది. ఇంగ్లిష్ ఫారంకి సరిపోయిన హద్దు పొడుగాటి తెలుగు అర్జీకి సరిపోదు.

#15 కొత్త_సీసీఎన్‌ఏ

54 బైట్లా! ఇప్పుడే లెక్కేసి చూశా, నిజమే.

#16 లాగుల_గుట్ట

ఎవరూ అనుమానించని పెట్టె ఒకటుంది: లాగ్ సర్వర్. సిస్కో ఏఎస్ఏ ఫైర్‌వాల్‌లో సిస్‌లాగ్‌ని (లాగ్ సందేశాలని) టీసీపీ మీద పంపమని చెప్పి, ఆ సర్వర్ పడిపోతే, డిఫాల్ట్‌గా ఫైర్‌వాల్ కొత్త కనెక్షన్లు ఆపేస్తుంది. లాగ్ చేయలేనిది పోనివ్వను అన్నమాట. లాగింగ్ పర్మిట్ హోస్ట్‌డౌన్ అని ఇస్తేనే వదులుతుంది. డిస్క్ నిండి లాగ్ సర్వర్ ఆగితే ఆఫీసు ఇంటర్నెట్ పోవడం వింతగా ఉంటుంది గానీ, డాక్యుమెంటేషన్‌లో ఉన్న ప్రవర్తనే. యూడీపీ 514కి ఆ బాధ లేదు, కానీ రద్దీలో లాగులు మాయమైనా తెలీదు.

డిస్క్ ఎంత కావాలో చెబుతా. సెర్ట్-ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) 2022 ఏప్రిల్ 28 ఆదేశాల ప్రకారం లాగులు 180 రోజులు ఉంచాలి, సంఘటన తెలిసిన 6 గంటల్లో చెప్పాలి, గడియారాలు ఎన్‌ఐసీ లేదా ఎన్‌పీఎల్ ఎన్‌టీపీతో (సరైన సమయం ఇచ్చే సర్వర్‌తో) కలిసి ఉండాలి. సెకనుకి 300 ఈవెంట్లు, ఒక్కోటి 500 బైట్లు అనుకుంటే రోజుకి 12.96 జీబీ, 180 రోజులకి 2.3 టీబీ, కంప్రెషన్ లేకుండా. 4 టీబీ రాయండి, 80 శాతం నిండగానే అలారం రాయండి.

ఎన్‌టీపీ చిన్న విషయం కాదు. ఫైర్‌వాల్ గడియారం ఐఎస్‌టీలో, వాఫ్ యూటీసీలో ఉంటే ఒకే సంఘటన ఐదున్నర గంటల తేడాతో రెండు సంఘటనలుగా కనిపిస్తుంది.

#17 రిలే_క్లిక్

మేనేజ్‌మెంట్ దారి కూడా. జంప్ సర్వర్ (అడ్మిన్లు ముందుగా లాగిన్ అయ్యే సర్వర్) ఒక్కటే పెట్టి అన్ని పెట్టెల అడ్మిన్ లాగిన్ దాని ఐపీకే బిగిస్తే మంచిదే, కానీ అది వర్చువల్ మెషీన్ అయి, ఆ హోస్ట్‌కి దారి ఆ ఫైర్‌వాల్ గుండానే ఉంటే, ఫైర్‌వాల్ చచ్చిన రోజు దాన్ని బాగుచేసే దారీ దానితోపాటే పోతుంది. కన్సోల్ సర్వర్ (పెట్టెల కన్సోల్ పోర్టులకి నేరుగా కలిపేది), దానికి వేరే 4జీ లైన్, కవర్‌లో సీల్ చేసిన లోకల్ అడ్మిన్ పాస్‌వర్డ్. ఈ మూడూ రాయండి. టాకాక్స్ (అడ్మిన్ లాగిన్ సరిచూసే) సర్వర్ దొరికినంతసేపు ఆ లోకల్ అకౌంట్ పనిచేయకూడదు. కన్సోల్ సర్వర్‌ని ఆ 4జీ మీద నేరుగా ఇంటర్నెట్‌కి తెరవొద్దు, వీపీఎన్ వెనకే ఉండాలి.

#18 కన్సోల్‌కేబుల్

అందరికీ ధన్యవాదాలు. పాత వాక్యం తీసేసి ఇలా రాశా, తప్పులుంటే చెప్పండి:

ఐపీఎస్: కరెంటు పోయినా, ఇంజిన్ ఆగినా ట్రాఫిక్ తనిఖీ లేకుండా కొనసాగాలి, క్యూ నిండినప్పటి ప్రవర్తన యూజర్ దారికి వదిలేయడం, డీఎంజెడ్ దారికి ఆపేయడం, విడివిడిగా సెట్ చేసే వీలుండాలి. ఫైర్‌వాల్: బైపాస్ ఉండరాదు, సెషన్ సింక్‌తో హెచ్‌ఏ, రెండు హార్ట్‌బీట్ లింకులు. వాఫ్: హద్దు దాటిన బాడీని తిరస్కరించాలి, తెలుగు ఫారాలతో పరీక్షించి చూపించాలి. 802.1ఎక్స్: రేడియస్ దొరకనప్పుడు 60 సెకన్లలోపు పరిమిత వీలాన్. లాగ్ సర్వర్ ఆగితే ట్రాఫిక్ ఆగకూడదు, అలారం రావాలి.

#19 రిలే_క్లిక్

బాగుంది. అంగీకార పరీక్ష కూడా రాయండి, లేకపోతే ఇదంతా కాగితమే. ఐపీఎస్ గుండా సెకనుకి పది పింగ్‌లు నడుపుతూ పవర్ కార్డు పీకాలి. 20కి మించి పోతే ఫెయిల్. కార్డు మళ్లీ పెట్టి, పెట్టె బూట్ అయి బైపాస్ నుంచి బయటికి వచ్చేటప్పుడూ లెక్కించాలి, చాలామంది పీకేటప్పుడే లెక్కేసి వెళ్లిపోతారు. తర్వాత కరెంటు ఉంచి ఇంజిన్ ప్రాసెస్‌ని మాత్రమే చంపి చూడాలి.

ఇంకా ఒకటి: బైపాస్‌లోకి వెళ్లిన ప్రతిసారీ ఎస్‌ఎన్‌ఎంపీ ట్రాప్ (పెట్టె తనే పంపే హెచ్చరిక) రావాలి, అది కూడా ఆ పెట్టె నుంచి మాత్రమే కాదు. కరెంటు పోయిన పెట్టె ట్రాప్ పంపలేదు. కోర్ స్విచ్ పోర్టు లింక్ పడి లేచిన అలారం కూడా పెట్టించండి. లేకపోతే తనిఖీ లేకుండా నెలల తరబడి లైన్ నడుస్తూనే ఉంటుంది, ఎవరూ కంప్లయింట్ చేయరు.

#20 కన్సోల్‌కేబుల్

పోర్టు అలారం చేర్చాను. 20 పింగ్‌లు అంటే రెండు సెకన్లు కదా, రాగి లింక్ మళ్లీ నెగోషియేట్ అవడానికి అది చాలుతుందా?

#21 లేయర్2

గిగాబిట్ రాగికి ఆటో నెగోషియేషన్‌కే రెండు, మూడు సెకన్లు పట్టొచ్చు. ఫైబర్‌కి 20, రాగికి 50 అని విడిగా రాయండి. ఎడ్జ్ పోర్టు పెట్టకపోతే 300 దాటుతుంది, అప్పుడు తప్పు ఐపీఎస్‌ది కాదని వెండర్ అంటాడు, నిజమే అంటాడు.